ముక్కుతో అతికిన పెట్టెలు

మొన్న రేణిగుంట నుంచి తిరిగి వస్తుంటే బైపాసు పక్కన చెత్తకు నిప్పు పెట్టారు. బండి మీద వెనక మా ఆవిడ ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "బిరీన పోనియ్యండి" అని నా వీపు మీద పొడుస్తోంది. నేను మాత్రం నిండా పీల్చి, "బకెట్లు కాలతా ఉండాయి. అడుగున యాడో పాత హెల్మెట్టు కూడా ఉండాది" అన్నాను.

"మీది ముక్కా, ఇంకేమన్నానా?" అందామె.

ముక్కే. కాకపోతే దాన్ని చెడగొట్టిన మనిషి ఒకడున్నాడు. ఉండేవాడు అనాలి ఇప్పుడు. కరకంబాడి రోడ్డులో టీ అంగడి అతను ఆ వారమే చెప్పాడు. "నీ ప్లాస్టిక్కాయన పోయినాడు సామీ. జరమని ఆస్పత్రికి పోయినోడు మళ్లా రాలే." ఎవరైనా పోయారంటే అయ్యో అనాలి. అనడానికే నోరు తెరిచాను కూడా. ఈలోగా పక్కకు తిరిగి ఉమ్మాల్సొచ్చింది. ఆయన్ను తలుచుకుంటే ముందు నాలుక వెనక జిగట చేదు, తర్వాత డోకు, ఆ తర్వాత మొహం. చచ్చిపోయాడని తెలిసినా ఆ వరస మారలేదు. నేనేం చేసేది?

మెకానిక్కుల షెడ్ల వరసలో చిట్టచివర, మురుగుకాలవ మీద బండలు పరిచి, ఆ బండల మీద రేకులు నిలబెట్టుకున్న కొట్టు ఆయనది. పగిలిన ప్లాస్టిక్కు అతకడం ఆయన పని. ఒకప్పుడు కుర్చీలు, నీళ్ల డ్రమ్ములు, పిల్లల టబ్బులు అన్నీ వచ్చేవట. నేను ఎరిగే నాటికి కుర్చీ విరిగితే అతికించుకునే మనిషి తిరుపతిలో మిగల్లేదు. పారేసి కొత్తది కొనుక్కుంటున్నారు. ఆ కొత్తది అమ్మే అంగళ్లలో నాదీ ఒకటి. కాబట్టి ఆయనకు మిగిలింది కారు బంపర్లు, ఇంకా మాలాంటి వాళ్ల పెట్టెలు.

మాలాంటి వాళ్లంటే ఆదివారం పొద్దున్నే గుంపుగా తలకోనకో, హార్సిలీ కొండలకో పోయే బండ్ల బ్యాచ్చి. బండి వెనక ఒక పెట్టె, పక్కల ఒక్కోటి. చూసినవాళ్లు వీళ్లు హిమాలయాలకు పోతున్నారేమో అనుకోవాలి. ఏముంటాయి లోపల? తడిసిన తువ్వాళ్లు, చెమట సాక్సులు, పొట్లంలో సగం తిని మిగిల్చిన చిత్రాన్నం. సాయంత్రానికి మూత తీస్తే మా పెట్టె కంపు మాకే పడదు. మళ్లీ వచ్చే ఆదివారం అదే మూత తీసి అదే మొహం పెడతాం.

నేను చిత్తూరు బజారువీధిలో పాత్రల అంగట్లో పెరిగినవాణ్ణి. మా నాయన దగ్గర నడక కంటే ముందు నేర్చుకున్నది బేరం. సరుకు చూడగానే మొహం ముడవాలి. వేలితో తట్టి పెదవి విరవాలి. వెళ్లిపోతున్నట్టు వెళ్లి, చెప్పు తెగినట్టు ఆగాలి. నా పెట్టెల సెట్టు చెన్నైలో ఒక సందులో ఇట్లాగే కొన్నాను. అమ్మేవాడు చెమట తుడుచుకుని, "నీకు దండం సార్, తీసుకుని పో" అనేదాకా వదల్లేదు. మూత లోపల కంపెనీ అచ్చు కూడా ఉంది. ఆ బేరం కథ మా బంధువుల్లో విననివాళ్లు లేరు. కొందరు రెండోసారి కూడా విన్నారు, పాపం.

పుత్తూరు దగ్గర ఇసుక మీద జారి పడ్డప్పుడు ఎడమ పెట్టె కొక్కెం దగ్గర్నుంచి అడ్డంగా చీలింది. షోరూం పిల్లవాడు దాన్ని చచ్చిన కోడిని చూసినట్టు చూసి, "అతుకులు వెయ్యం సార్, సెట్టు మార్చుకోండి" అన్నాడు. జిగురు కొని నేనే పూశాను. అది ఆరేలోపు కారింది. చివరికి ఆ కాలవ మీది కొట్టు ముందు దిగాను.

ఆయన పెట్టెను ముట్టుకోలేదు. జిగురు వైపు చూసి, "ఏంది సామీ ఇది, చీమిడి కారినట్టు కార్చినావు?" అన్నాడు. అని, తన ముక్కు చీది, భుజం మీది తుండుతో తుడుచుకుని, అదే తుండుతో నా పెట్టె తుడిచాడు.

"కంపెనీది" అన్నాను. "అచ్చు సూడు, మూత లోపల."

"అచ్చు ఎవురన్నా కొడతారు. పొగను ఎవురు కొడతారు?"

చాకుతో పెట్టె అంచు నుంచి గోరంత చెక్కు తీశాడు. పట్టకారతో పట్టి లైటరు వెలిగించాడు. అది బుసబుసా మండి బొట్లు కారుతుంటే ఉఫ్ మని ఆర్పి, లేచిన పొగను ముక్కు కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పెళ్లివంటలో పెద్ద వంటాయన రసం పొంగును పీల్చినట్టు పీల్చాడు. ఆ మొహంలో సుఖం చూసి నేను అడుగు వెనక్కి వేశాను. తర్వాత గొంతు లోతుల్లోంచి ఏదో తోడుకుని, నా కాలి పక్కనున్న పెయింటు డబ్బాలో ఉమ్మాడు.

"కొవ్వొత్తి" అన్నాడు.

"అంటే?"

"అంటే నీది బకెట్టు. కక్కసుదొడ్లో పెట్టుకునే బకెట్టు ఏ సరుకో నీ పెట్టె ఆ సరుకు. కంపెనీదయితే పూల వాసన రావాల. ఎంత బేరమాడితే ఇట్లాంటిది వచ్చింది నీకు?"

బేరమాడానని నేను చెప్పలేదు. మొహంలో ఉన్నట్టుంది.

ఆయన లోకంలో ప్లాస్టిక్కులకు పేర్లు లేవు, కంపులే. బకెట్లు, టబ్బులు, కుర్చీలు ఆర్పిన కొవ్వొత్తి. హెల్మెట్లు, బండి లైటు డూములు, మంచి కంపెనీ పెట్టెలు కుళ్లిన బంతిపూలు. మిషన్ల పళ్లచక్రాలు కాలిన వెంట్రుక. కొట్టు వెనక పగిలిన సామాన్ల గోతాలు ఆ లెక్కనే వేరుచేసి ఉండేవి. ఎవరి సరుకుతో వాళ్లనే అతకాలి. ఇదీ ఆయన సిద్ధాంతం. "కొవ్వొత్తిది కొవ్వొత్తికే పట్టుకుంటాది. పూలది పెడితే పైపైన అంటుకోని, ఘాటు రోడ్డు ఎక్కితే ఊడి చేతికొస్తాది."

అంతటితో ఆగితే నాకు ఆయన ఇంతగా గుర్తుండేవాడు కాదు. గోతంలోంచి పాత బకెట్టు ముక్క తీసి దాన్నీ కాల్చి, నా పెట్టె చెక్కునూ మళ్లీ కాల్చి, రెండు పట్టకార్లూ నా మొహం ముందుకు తెచ్చాడు.

"నువ్వూ సూడు."

"నేనెందుకు?"

"నీ పెట్టె కదప్పా. దాని గబ్బు నీకు తెలీకపోతే ఎట్ల? రెండూ పీల్చి, ఒకటేనని నీ నోటితో చెప్పు. చెప్తేనే పని."

అదీ ఆ కొట్టు ఆచారం. సొంతదారు పీల్చాలి, ఒకటే అని పైకి అనాలి. అనకపోతే అతికే ఇనుపకడ్డీ వేడెక్కదు. ఎవరో పెద్ద ఆఫీసరు డ్రైవరు పీల్చనన్నాడని ఆ కారు బంపరును రోడ్డు మీదికి తోసేశాడట. రేపు ఊడితే "నువ్వే కదా ఒకటే అంటివి" అనడానికి ఇది ముందు జాగ్రత్త. మా నాయన కూడా ఇట్లాంటిది కనిపెట్టలేకపోయాడే అని ఒక పక్క కుళ్లుకుంటూ, ఇంకో పక్క రెండు పొగలూ పీల్చి, ఒకటే అన్నాను. పొద్దున తిన్న పొంగలి మొత్తం కాలవలోకి పోయింది.

"పర్లేదప్పా" అన్నాడు, నా వీపు మీద ఆ చెయ్యే వేసి. "మొదటిసారి అందురికీ అంతే. కాలవ ఉండేది దానికే."

పని మాత్రం చేశాడు. చీలిక ఇంకా పాకకుండా దాని కొసన చిన్న బొక్క వేశాడు. లోపలి వైపు పాత టీ వడపోత జల్లెడ ముక్కను వేడి కడ్డీతో ప్లాస్టిక్కులోకి దిగనొక్కాడు. పైన బకెట్టు పీలికలు కరిగించి పోశాడు. ఆరిన తర్వాత చూస్తే పెట్టె మీద జెర్రి పాకినట్టుంది.

"రవ్వంత ఉప్పుకాగితం పెట్టి నున్నగా చెయ్యి" అన్నాను.

"నున్నగా చేస్తే బలం పోతాది. నీకు పెట్టె కావాల్నా, దాని మొకం కావాల్నా?"

ఇక బేరం. నేను పెదవి విరిచి, అతుకును వేలితో తట్టి మొదలుపెట్టగానే ఆయన గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. నేను ధర దాకా వచ్చేసరికి ఆయన కఫం నోటి దాకా వచ్చింది. దాన్ని అట్లాగే నోట్లో ఉంచుకుని, డబ్బా వైపు వంగకుండా, నా వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను మాట పూర్తి చేస్తే గానీ ఉమ్మడు. అడిగినంతా ఇచ్చేశాను. చాలామందికి ఓడాను నా బతుకులో. కఫానికి ఓడింది అక్కడొక్కచోటే.

అయినా మళ్లీ మళ్లీ పోయాను. ఎందుకంటే మళ్లీ మళ్లీ పడ్డాను. జెర్రులు పెరిగి పెట్టె మీద సంసారం పెట్టాయి గానీ, ఆయన వేసిన ఒక్క అతుకు కూడా ఊడలేదు. అదొక కక్ష నాకు. ఒక్కటి ఊడితే ఆ మనిషి మొహం చూడకుండా బతకొచ్చు కదా. పోయినప్పుడల్లా ఆయన ఏదో ఒకటి తింటూనే ఉండేవాడు. నల్లటి గోళ్లతో సంగటి ముద్ద పిసికి ఊరిబిండిలో అద్ది, "తింటావా సామీ?" అని నా వైపు చాచేవాడు.

"చెయ్యి కడుక్కోవా నువ్వు?"

"దినామూ మంట తావ ఉండే చెయ్యికి మురికేందప్పా?"

ఎచ్చులు కూడా తక్కువ కాదు. "ఈ వీధిలో ఎవురింట్లో ఏం మాడిందో ఈడ కూసోనే చెప్తా" అనేవాడు. చెప్పేవాడు కూడా. ఎదురు వరసలో పంచర్లు వేసే అతని భార్య పొయ్యి మీద పప్పు పెట్టి బట్టలు ఆరేస్తుంటే, "అమ్మా, నీ పప్పు అడుగంటతా ఉండాది" అని రోడ్డు అవతలి నుంచి అరిచేవాడు. ఆమె పరుగెత్తేది. పొయ్యి ఆపి బయటికి వచ్చి, "నీ ముక్కు పడిపోనూ" అని తిట్టేది. ఆయనకు అది బిరుదు ఇచ్చినట్టుండేది. మూతల్లో అచ్చులు చూసి కాదు, మిషన్లు పెట్టి కాదు, ఉత్త ముక్కుతో బతుకుతున్నానని వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు. నిజమే. ఆ ముక్కు లేకపోతే గోతాల్లో ఉన్నదంతా చెత్త, ఆయన చెత్త మీద కూర్చున్న మనిషి.

తర్వాత కొన్నాళ్లు నేను పడలేదు. ఆయన్ను మరిచిపోవడానికి సరిపడేంత కాలం బండి మీంచి పడలేదు. ఈలోగా మా బామ్మర్ది, మా ఆవిడ తమ్ముడు, కొత్త బండి కొన్నాడు. రేణిగుంట గోదాముల్లో సూపర్వైజరు. చేతులకు రాసుకునే మందు సీసా బ్యాగుకు గొలుసేసి తగిలించుకుని తిరిగే రకం. వాడి వెనక పెట్టె అసలు సిసలు కంపెనీది. గేటుకు తగిలి అడుగున చీలింది. నేనే ఆయన దగ్గరికి పంపాను. నేను పడ్డ బాధ బంధువులు కూడా పడితే బాగుంటుందని ఉంటుంది కదా మనసులో.

వాడు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. "యాడ దొరికినాడు బావా నీకు ఆ మనిషి? పొగ తెచ్చి మొకాన పెట్టి ఒకటేనా, ఒకటేనా అంటాడు."

"నువ్వేమంటివి?"

"కర్చీఫ్ అడ్డం పెట్టుకోని, ఊపిరి బిగబట్టి, ఒకటే అంటి. ఎవురు పీలస్తారు దాన్ని?"

కడుపారా నవ్వాను. ఇంత తెలివి నాకెందుకు రాలేదా అనుకున్నాను.

ఆ నెలలోనే బ్యాచ్చితో మదనపల్లెకు పోతుంటే, భాకరాపేట ఘాటులో వాడి పెట్టె అడుగు ఊడి రోడ్డు మీద పడింది. లోపలున్న ఆఫీసు లాప్‌టాప్ మీదుగా వెనక లారీ పోయింది. వాడు ఆ అతుకు పట్టీని జేబులో వేసుకుని నేరుగా నా అంగడికి వచ్చాడు. "బావా, నువ్వు రా. ఆయప్పతో మాట్లాడి, ఫోటో తీసి మన గ్రూపులో పెడతా. ఇంక ఒక్క బండి పోకూడదు ఆ కొట్టుకు." ఆ గ్రూపులో తిరుపతి, చిత్తూరు, పలమనేరు బండ్ల వాళ్లందరూ ఉన్నారు. దాంట్లో పెడితే ఆయన పొయ్యి ఆరినట్టే. ఆ మాట నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

మధ్యాహ్నం పోయాం. టీ అంగడి దాటగానే కంపు మొదలైంది. ప్లాస్టిక్కు కంపు కాదు. ఏదో చచ్చి, ఉబ్బి, పగిలిన కంపు. గాలికి తీపి పట్టినట్టుంది. బామ్మర్ది రోడ్డు మీదే ఆగి కర్చీఫ్ కట్టుకున్నాడు. కొట్టులోకి తొంగి చూస్తే ఆయన గోతాలకు వీపు ఆనించి సంగటి తింటున్నాడు. గోతాల మీద నల్లగా ఈగలు. కొన్ని లేచి వచ్చి ఆయన ముద్ద మీద వాలి పోతున్నాయి. ఆయన చప్పరిస్తున్నాడు.

బామ్మర్ది అతుకు పట్టీని ఆయన ముందు విసిరాడు. పుండు మీది పొక్కు లేచినట్టు, ఎక్కడా పెచ్చు కూడా పట్టుకోకుండా శుభ్రంగా ఊడిన పట్టీ. "సూడు నువ్వు అతికింది!"

ఆయన ముద్ద నములుతూనే, "నువ్వే కదప్పా ఒకటే అంటివి?" అన్నాడు.

"నేనంటే? నాకేం తెలుసు? నీ ముక్కు యాడ పోయింది?"

ఆ మాటకు ఆయన ఎగిరి పడాలి. డబ్బా నిండేలా ఉమ్మాలి. చెయ్యి సంగటిలోనే ఆగిపోయింది. బామ్మర్ది వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను ఈగల వైపు చూశాను. మళ్లీ ఆయన వైపు చూశాను. రోడ్డు అవతల పప్పు మాడితే అరిచిన మనిషి, వీపు వెనక ఏదో చచ్చి కుళ్లుతుంటే ముద్ద తింటున్నాడు.

అమ్మే సరుకులో లోపం కనపడగానే మొహంలో చూపించకుండా దాచుకోవడం నాకు చిన్నప్పుడే పట్టిన జబ్బు. ఆ జబ్బే ఆ పూట పనికొచ్చింది. బామ్మర్ది వైపు తిరిగి, "నువ్వు గుడ్డ తీసి పీల్చినావా, లేదా? అది చెప్పు" అన్నాను.

"పీల్చలే."

"పీల్చకుండా ఒకటే అన్నోడివి నువ్వు. గ్రూపులో అది కూడా పెడతావా?"

"బావా, నువ్వు ఆయన తట్టా, నా తట్టా?"

"నేను పెట్టె తట్టు. పో, టీ తాగతా ఉండు. పిలస్తా."

ఆ గబ్బులో నిలబడి వాదించే ఓపిక వాడికి లేదు. పోయాడు. ఆయన సంగటి గిన్నె పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన చెయ్యి కడుక్కోవడం నేను చూడటం అదే మొదలు.

"ఎప్పుట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"ఏదో నీకు తెలుసు."

"పోయిన వానల్లో జరమొచ్చింది. జరం పోయింది, ఇది రాలే."

"డాక్టరుకు సూపించినావా?"

"పోయి? ముక్కు పోయిందని నలుగుర్లో చెప్పమంటావా? ఆడ వరసలో కూసున్నోళ్లల్లో ఒగడన్నా నా గిరాకీ ఉంటాడు." తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "పీల్చినట్టు పీలస్తా. వాళ్లు ఒకటే అంటే అతకతా. అందురూ నిజమే చెప్తారులే అనుకుంటి."

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ తన ముందుజాగ్రత్త కోసం పెట్టుకున్న ఆచారం మీదే ఆయన బతుకు ఆనించి కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడూ అసహ్యపడి, ఊపిరి బిగబట్టి, తలకాయ ఊపి పోతున్నాడు. కుళ్లిన పూలదానికి బకెట్టు ముక్క పెట్టి ఎన్ని అతికాడో. ఎన్ని ఏ ఘాటులో ఊడడానికి సిద్ధంగా ఉన్నాయో.

"ఇప్పుడు ఈడ ఏం కొడతా ఉండాదో తెలుసా నీకు?"

"ఏం కొడతా ఉండాది?"

"ఏదో చచ్చింది."

"యాడ?"

తన కొట్టులో తనే కొత్తగా దిగినవాడిలా నాలుగు వైపులా చూశాడు. చెప్పడానికి వేరే దారి లేక నేనే దిగాను. వెనక గోతాల మధ్య కుక్కలా మూలమూలా వాసన చూస్తూ వంగి నడిచాను. నేను ముక్కు తిప్పిన వైపు ఆయన గోతాలు లాగుతున్నాడు. "ఈడనా? ఈడనా?" అంటున్నాడు. బంతిపూల గోతం లాగితే దాని కింద పందికొక్కు. బొచ్చు ఊడి పక్కన పడింది, పొట్ట పగిలి తెల్లగా కదులుతోంది. నేను బయటికి పరుగెత్తి కాలవ పట్టుకున్నాను. లోపల ఏమీ మిగల్లేదని తెలిసిన తర్వాత కూడా డోకు ఆగలేదు.

మూతి తుడుచుకుని తిరిగి చూస్తే ఆయన దాన్ని పారెయ్యలేదు. తోక పట్టుకుని పైకి ఎత్తాడు. మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. వద్దని అరవబోయాను, నోరు తెరిస్తే కంపు లోపలికి పోతుందని ఆగిపోయాను. ఆయన కళ్లు మూసుకుని, పొగను పీల్చినట్టే, తీరిగ్గా లోపలికి పీల్చాడు. పురుగొకటి ఆయన మణికట్టు మీద పడి పాకుతోంది. మళ్లీ పీల్చాడు.

"ఏమీ లే" అన్నాడు. దాన్ని కిందికి దించి, "రవ్వంత కూడా లే."

దాన్ని కాలవలో వేసి నీళ్లు పోశాడు. నేను ఆ రోజు ఆయనకు మా అంగడి కిటుకు ఒకటి చెప్పాను. మా నాయన తూకం వేసేటప్పుడు సరిపోయిందా అని ఎప్పుడూ అడగడు. సరిపోయిందా అంటే ఎవడైనా తలకాయ ఊపుతాడు. ముల్లు ఎక్కడుందో చూసి చెప్పు అంటాడు. చెప్పాలంటే చూడక తప్పదు. "నువ్వు కూడా ఒకటేనా అని అడగద్దు. ఏం వాసనో చెప్పమను. ఒకటి కాల్చి పేరు చెప్పించు. తర్వాత అటు తిరిగి ఇంగొకటి కాల్చి, ఏది దేందో చెప్పకుండా దానికీ పేరు చెప్పించు."

"నాకు తెలీదా?" అన్నాడు. ఆయన నోట్లో కృతజ్ఞత అట్లాగే ఉంటుంది.

బామ్మర్దిని పిలిచి కర్చీఫ్ విప్పించాను. ఆయన చెక్కు కాల్చి వాడి ముక్కు కింద పెట్టాడు. "ఏం వాసన?"

"కంపు."

"ఏం కంపు?"

"థూ... పూలు. కుళ్లిపోయిన పూలు."

ఆయన వెనక్కి తిరిగి, బంతిపూల గోతంలోంచి హెల్మెట్టు ముక్క తీసి కాల్చాడు. "ఇది?"

"ఇదీ అదే గబ్బు" అన్నాడు వాడు, కాలవ వైపు పరుగెత్తుతూ. కడ్డీ వేడెక్కింది.

గ్రూపులో వాడు ఆ సాయంత్రం పెట్టింది ఇంతే: "పని బాగుంది. ఏమీ తినకుండా పోండి." గిరాకీ పెరిగింది. ఆయన తీరు ఇంకా భరించలేనిదైంది. "ఈ పద్ధతి నాదే, ఇండియాలో యాడా లే" అని నా ముందే చెప్పేవాడు. నిలువెత్తు మనుషులు, ఖరీదైన జాకెట్లు వేసుకుని, బడిపిల్లల్లా ఆయన ముందు నిలబడి, కన్నీళ్లు కారుస్తూ "కొవ్వొత్తి సార్", "వెంట్రుక సార్" అంటుంటే, తప్పు చెప్పినవాణ్ణి "సరిగ్గా పీల్చు రా" అని గద్దించేవాడు. తప్పని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? తెలియదు. అందరినీ రెండోసారి పీల్పించేవాడు, అంతే.

చివరిసారి పోయింది నా కుడి పెట్టెకు. వేరే గిరాకీ లేరు. చెక్కు కాల్చి ఇచ్చాడు.

"ఏం వాసన?"

"కొవ్వొత్తి."

పనికి అది చాలు. ఆయన కడ్డీ వైపు చెయ్యి చాచలేదు. "ఎట్లాంటి కొవ్వొత్తి? వెలిగినప్పుడు వచ్చేదా, ఆర్పినాక వచ్చేదా?"

"ఆర్పినాక."

"ఇంగా?"

"ఇంగా ఏముండాది, గబ్బు."

"గబ్బంటే ఎట్ల? కాలవది ఎట్లుండాది ఇప్పుడు?"

"సబ్బు, ఉచ్చ, కుళ్లిన అరిటాకు" అన్నాను. ఆయన తల ఊపాడు, మర్యాదగా ఎవరో పలకరిస్తే ఊపినట్టు. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"నేను?"

"నువ్వేంది?"

"నేనెట్ల కొడతాండాను సామీ? ఇంట్లో అడిగితే మా ఆడోళ్లు ఏడస్తారు. నువ్వయితే ఉండేది ఉండేట్టు చెప్తావు."

సరుకు లోపాలు ఎంచడంలో నన్ను మించినవాడు లేడని నాకు పేరు. ఎంచాను. చంకల్లో పులిసిన చెమట అన్నాను. నోట్లో పొగాకు, దాని వెనక పాచిపన్ను. గోళ్ల సందుల్లో కాలిన బకెట్టు, తలకు రాసి వారమైన నూనె ముక్కిపోయిన వాసన. ఒక్కొక్కటీ తిట్టినట్టే చెబుతున్నాను. ఆగితే "ఊఁ" అంటున్నాడు. ఆ మొహం పొగ పీల్చినప్పటి మొహం. చూడలేకపోయాను.

"ఇంగేం లే" అన్నాను.

"ఆణ్ణుంచి ఏం తెలస్తాది? తావకు రా."

డోకు గొంతు దాకా వచ్చి ఉంది. నేను ముక్కు మూసుకోకుండా ఆయన మీదికి వంగాను.